పెద్ద సరస్సుపై ఉమ్మడి నిఘా: వాలంటీర్లా, ఓడా, సెన్సర్లా, ఉపగ్రహమా?

పెద్ద సరస్సు ఆరోగ్యాన్ని కలిసి కనిపెట్టుకుని ఉందామని నాలుగైదు సంస్థలు కూర్చుంటే, మొదటి గంట గడవకముందే ఎవరో ఒకరు సెన్సర్ల మాట ఎత్తుతారు. ఇంకొకరు ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతున్నాయి కదా అంటారు. ఒడ్డు ఊళ్లలో ఉత్సాహవంతులు ఉన్నారు, వాళ్లకు శిక్షణ ఇద్దాం అని మరొకరు. ముగ్గురూ సరిగ్గానే మాట్లాడుతున్నారు. కాకపోతే ముగ్గురి మనసులో ఉన్న ప్రశ్నలు వేరు. ఆ సంగతి తేలకుండా పరికరాలు కొంటే ఐదేళ్ల తర్వాత హార్డ్ డిస్క్ నిండా అంకెలుంటాయి, సరస్సు బాగుపడుతోందా పాడవుతోందా అంటే మాత్రం ఎవరూ నోరు తెరవరు.

ఒక రోజులో పడవ మీద చుట్టి రాలేనంత పెద్ద సరస్సు, దాని మీద ఒకటికి మించిన శాఖలకో రాష్ట్రాలకో దేశాలకో హక్కు, పరిశీలించడానికి ముందుకొచ్చిన రకరకాల మనుషులు: ఇలాంటి చోట ఏ పద్ధతిని ఎప్పుడు ఎంచుకోవాలో చెప్పడమే ఇక్కడ పని. చిన్న చెరువుకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు.

ముందు తేల్చుకోవాల్సింది

ప్రశ్నలు ఎన్ని రకాలుగా వేసినా చివరికి మూడు గుంపుల్లోకి వస్తాయి. ఈ వారం నీళ్లు తాగొచ్చా, దిగి స్నానం చేయొచ్చా అన్నది ఒకటి. పదేళ్లలో పరిస్థితి ఎటు పోతోంది అన్నది రెండోది. ఎందుకిలా అవుతోంది, మురికి ఎక్కడినుంచి వస్తోంది అన్నది మూడోది. మొదటిదానికి వేగం కావాలి, కొంచెం తప్పొచ్చినా ఫర్వాలేదు. రెండోదానికి వేగంతో పనే లేదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి ఆగకుండా కొలవాలి. మూడోదానికి సరస్సులో కంటే దాంట్లోకి వచ్చే వాగుల్లో ఎక్కువ పని ఉంటుంది. ఒకే ఏర్పాటు ఈ మూడింటికీ సరిపోతుందని ఎవరైనా చెబితే ఆ ప్రతిపాదనను ఇంకోసారి చదవండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ఆరోగ్యం’ అంటే అందరి దృష్టిలో ఒకటి కాదు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న కాన్‌స్టన్స్ సరస్సునే చూడండి. అక్కడ నీటి రక్షణకు అంతర్జాతీయ కమిషన్ 1959లో ఏర్పడింది. 1980 ప్రాంతంలో లీటరు నీటిలో, నాచును పెంచే పోషకమైన ఫాస్ఫరస్ 80 మైక్రోగ్రాములు దాటింది. మురుగు శుద్ధి కేంద్రాలు కట్టి, ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంట్లను కట్టడి చేసి, ఇప్పుడు దాన్ని 10 లోపుకు తెచ్చారు. నీటి శాస్త్రవేత్తలకు అది గొప్ప విజయం. అక్కడి జాలర్లకు మాత్రం చేప తగ్గిన కాలం. ఫాస్ఫరస్‌ను మళ్లీ కొంచెం పెరగనివ్వండి అని వాళ్లు గట్టిగానే అడిగారు. కొత్తగా చొరబడిన క్వాగా ఆల్చిప్పలు, విపరీతంగా పెరిగిన స్టికిల్‌బ్యాక్ చేపలు కూడా తోడై, 2024 నుంచి మూడేళ్లపాటు అక్కడి ప్రధాన వాణిజ్య చేప అయిన వైట్‌ఫిష్ వేటనే ఆపేశారు. కాబట్టి తాగునీటి సంస్థ, జాలర్ల సంఘం, పర్యాటక శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, ఏ అంకె ఎటు కదిలితే ‘బాగుపడింది’ అంటామో ముందే రాసుకోవాలి. ఫలితాలు వచ్చాక మొదలయ్యే పంచాయితీ తేలదు.

వాలంటీర్లు: తక్కువ అంచనా వేయొద్దు

వాలంటీర్ల చేతికి ఇవ్వగల పరికరాల్లో సెక్కి డిస్క్‌ను మించింది లేదు. ఇటలీకి చెందిన పియెత్రో ఆంజెలో సెక్కి 1865లో మధ్యధరా సముద్రంలో, పోప్ గారి ఓడ మీద నుంచి తెల్లటి పళ్లేలు దింపి పారదర్శకత కొలిచాడు. ఇప్పుడు సరస్సుల్లో వాడేది 20 సెంటీమీటర్ల డిస్క్, నలుపు తెలుపు పావులతో. తాడు కట్టి దింపుతూ పోవాలి, కనబడకుండా పోయిన లోతు రాసుకోవాలి, మళ్లీ పైకి లాగుతూ కనబడిన లోతు రాసుకోవాలి, రెండింటి సగటు తీసుకోవాలి. అంతే. పడవ నీడ పడే వైపు నుంచి, సూర్యుడు బాగా పైన ఉన్న వేళల్లో, చలువ కళ్లద్దాలు తీసేసి చూడాలి.

ఇంత సులువైన పనిని శాస్త్రమంటారా అని ముఖం చిట్లించేవాళ్లుంటారు. అమెరికాలోని టాహో సరస్సులో 1968 నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ ఇలాగే డిస్క్ దింపుతోంది. అప్పట్లో ఏడాది సగటు 31 మీటర్లు ఉండేది. ఈమధ్య 20 మీటర్లకు అటూ ఇటూగా ఉంటోంది. ఆ సరస్సు కాపాడటానికి జరిగిన వాదనలన్నిటికీ వెన్నెముక ఆ అంకే. అక్కడ కొలిచేది పరిశోధకులే కానీ, కొలత మాత్రం ఎవరైనా నేర్చుకోగలిగేది. మినెసోటా రాష్ట్రం 1973 నుంచే పౌరుల చేత ఇదే పని చేయిస్తోంది. శిక్షణ పొందిన వాలంటీర్ కొలతకూ, ఉద్యోగి కొలతకూ సాధారణంగా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రాబర్ట్ కార్ల్‌సన్ 1977లో ఇచ్చిన పోషక స్థితి సూచికతో (నీళ్లలో పోషకాలు, నాచు ఏ మేరకు ఉన్నాయో చెప్పే అంకె) సెక్కి లోతును, నాచులోని ఆకుపచ్చ వర్ణకమైన క్లోరోఫిల్‌ను, మొత్తం ఫాస్ఫరస్‌ను ఒకే స్కేలు మీదికి తేవచ్చు. ఆ స్కేలు మీద 10 పాయింట్లు పెరిగాయంటే సెక్కి లోతు సగానికి పడిపోయిందని అర్థం. సెక్కి లోతు 2 మీటర్లయితే సూచిక 50 ఉంటుంది.

అయితే ఈ డిస్క్ మనల్ని మోసం చేసే సందర్భాలున్నాయి. వాగులు తెచ్చే మట్టి వల్లో, ఆకులు నానిన గోధుమరంగు వల్లో లోతు తగ్గితే దానికీ నాచుకూ సంబంధం ఉండదు. దానికంటే ప్రమాదకరమైనది రెండో రకం మోసం. 1980ల చివర్లో జీబ్రా ఆల్చిప్పలు, ఆ తర్వాత క్వాగా ఆల్చిప్పలు ఉత్తర అమెరికా మహా సరస్సుల్లోకి వచ్చాయి. అవి నీటిని వడకట్టి తింటాయి. మిచిగన్, హురాన్ సరస్సుల నడినీళ్లు అంతకుముందు ఎన్నడూ లేనంత తేటపడ్డాయి. డిస్క్ లెక్కన చూస్తే అద్భుతం. అసలు జరిగింది ఏమిటంటే, చేప పిల్లల దాకా అందాల్సిన తిండి అడుగున ఆల్చిప్పల పాలైంది. పైగా ఈ ఆల్చిప్పలు నాచులాగే పెరిగే విషపు సైనోబాక్టీరియాను మింగకుండా ఉమ్మేస్తాయి, అంటే వాటికి పోటీ లేకుండా చేస్తాయి. ఒక్క పారదర్శకతనే నమ్ముకున్న కార్యక్రమానికి ఇదంతా శుభవార్తలా కనబడేది.

మనుషుల విషయానికొస్తే, వాలంటీర్ల కార్యక్రమాలు డబ్బు లేక కంటే కోఆర్డినేటర్ లేక ఎక్కువగా ఆగిపోతాయి. పంపిన అంకె ఎక్కడికి పోయిందో తెలియకపోతే రెండో ఏడు ఎవరూ పడవ ఎక్కరు. వంద మందికి డిస్కులు పంచడం కంటే, ఇరవై మందికి పంచి, వాళ్లతో నెలనెలా మాట్లాడటానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

వాలంటీర్లను నడిసరస్సుకు కాకుండా వాగుల దగ్గరికి పంపడం ఇంకో దారి. మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది. కెనడాలోని విన్నిపెగ్ సరస్సు వైశాల్యం దాదాపు 24,500 చదరపు కిలోమీటర్లు, దానిలోకి నీరొచ్చే పరీవాహక ప్రాంతం ఇంకెన్నో రెట్లు. అక్కడ స్థానికులు, ప్రవాహం కొలిచే స్టేషన్లు ఉన్న చోటనే నీటి నమూనాలు పడతారు. గాఢతను ప్రవాహంతో గుణిస్తే ఏ ఉప పరీవాహకం నుంచి ఎంత ఫాస్ఫరస్ వస్తోందో తేలుతుంది. మంచు కరిగినప్పుడు, పెద్ద వానలు పడ్డప్పుడు కొద్ది రోజుల్లోనే ఏడాది మొత్తంలో వచ్చే ఫాస్ఫరస్‌లో చాలా భాగం కొట్టుకొస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో మనిషి వాగు దగ్గర ఉండాలి. నెలకోసారి క్యాలెండర్ చూసుకుని వచ్చే అధికారికి ఆ వరద దొరకదు. పక్క ఊళ్లో ఉండేవాడికి దొరుకుతుంది. ఇక్కడ వాలంటీర్ ఉద్యోగికి చౌక ప్రత్యామ్నాయం కాదు, ఉద్యోగి చేయలేని పని చేసేవాడు. మహా సరస్సుల్లో ఒకటైన ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో వేసవి నాచు ఎంత పెరుగుతుందో ముందే అంచనా వేయడానికి కూడా మామీ నదిలో మార్చి నుంచి జూలై దాకా వచ్చే ఫాస్ఫరస్ లెక్కనే వాడతారు.

ఓడ: ఖరీదెక్కువ, కానీ అడుగు కనబడేది దీంతోనే

సరస్సు జబ్బు చాలాసార్లు అడుగున మొదలవుతుంది. వేసవిలో పైనీళ్లు వేడెక్కి తేలికవుతాయి, చల్లటి నీళ్లు కింద ఉండిపోతాయి, రెండూ కలవవు. పైనుంచి రాలిన నాచు అడుగున కుళ్లుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలు అక్కడ ఉండలేవు. ఆక్సిజన్ పూర్తిగా పోతే బురదలో చిక్కుకున్న ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. అంటే బయటినుంచి వచ్చే మురికిని ఆపినా సరస్సు తన పాత మురికితోనే కొన్నేళ్లు నాచు పెంచుకుంటుంది. ఈ సంగతులు ఒడ్డున నిలబడితే తెలియవు, ఆకాశం నుంచి చూసినా తెలియవు.

మహా సరస్సుల్లో అమెరికా పర్యావరణ సంస్థ ఓడ ‘లేక్ గార్డియన్’ ఏటా వసంతంలో ఒకసారి, వేసవిలో ఒకసారి ఐదు సరస్సులూ తిరిగి నీరు, ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), అడుగు జీవులు సేకరిస్తుంది. దాంతోపాటు అమెరికా, కెనడాలు కలిసి నడిపే ఇంకో ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. అన్ని సరస్సులనూ ప్రతి ఏడూ లోతుగా చూడటం ఎవరివల్లా కాదు కనుక, ఏడాదికో సరస్సు చొప్పున వంతు వేసుకున్నారు. ఆ ఏడాది రెండు దేశాల ఓడలు, విశ్వవిద్యాలయాలు అందరూ ఆ ఒక్క సరస్సు మీదికి వస్తారు. ఐదేళ్లకు వంతు మళ్లీ తిరిగొస్తుంది. వంతు రాకముందే ఏ ప్రశ్నలు అడగాలో కూర్చుని తేల్చుకుంటారు, వంతు అయ్యాక విశ్లేషణకు టైమ్ దొరుకుతుంది. ఒకే పెద్ద సరస్సు ఉన్నవాళ్లు కూడా దాన్ని భాగాలుగా చేసి ఇదే పని చేయొచ్చు: కొన్ని కొలతలు ప్రతి ఏడూ అంతటా, లోతైన పరిశీలన మాత్రం వంతుల వారీగా.

ఓడ సొంతంగా ఉండాలన్న రూలు లేదు. విన్నిపెగ్ సరస్సు మీద 1998లో ఏర్పడిన పరిశోధన కన్సార్టియం (సంస్థల కూటమి) ‘నమావో’ అనే ఒకే ఓడను ప్రభుత్వ శాఖలకూ విశ్వవిద్యాలయాలకూ ఉమ్మడిగా నడుపుతుంది. ఒకరు నీటి రసాయనం చూస్తుంటే, అదే ప్రయాణంలో ఇంకొకరు అడుగు బురద తీస్తారు, మరొకరు చేపలు పడతారు. ఉమ్మడి నిఘాలో నిజంగా డబ్బు ఆదా అయ్యే చోటు ఇదే. ఓడలో ఇంధనం ఖర్చు ముగ్గురు ఎక్కినా పది మంది ఎక్కినా ఒకటే.

లోపం తెలిసిందే. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఓడకు, మధ్యలో వారం రోజులు వచ్చి పోయిన విషపు నాచు కనబడదు. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నుంచి నీళ్లు తీసుకునే టొలీడో నగరంలో మైక్రోసిస్టిన్ అనే విషం కుళాయి నీళ్లలో తేలి, 4 లక్షల మందికి పైగా రెండు మూడు రోజులు ఆ నీళ్లు తాగొద్దన్నారు. కాచినా ఆ విషం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అలాంటి ప్రమాదం ఉన్నచోట ఓడ ఒక్కటీ పెట్టుకుని నిశ్చింతగా ఉండలేం.

సెన్సర్లు

నీళ్లలో తేలే స్టేషన్‌కు సెన్సర్లు వేలాడదీస్తే ప్రతి పది నిమిషాలకో రీడింగ్, రాత్రీ పగలూ, తుఫానులో కూడా. రాత్రిపూట ఆక్సిజన్ ఎంత పడిపోయిందో, గాలి ఎటు తిరిగితే అడుగునీళ్లు పైకొచ్చాయో చెప్పగలిగేది ఇవే. తాగునీరు తీసుకునే గొట్టం దగ్గర ఒకటి పెట్టడం దాదాపు తప్పనిసరి అనే అంటాను.

మిగతా చోట్ల మాత్రం తొందరపడొద్దు. నీళ్లలో ఉంచిన ఏ వస్తువు మీదైనా వారాల్లో పాచి పడుతుంది. సెన్సర్‌కు తుడిచే బ్రష్ ఉన్నా, ఎవరో ఒకరు పడవ వేసుకుని వెళ్లి శుభ్రం చేసి, విలువ ముందే తెలిసిన ద్రావణంతో సరిచూసి రావాల్సిందే. అది మానేస్తే రీడింగ్ మెల్లగా పక్కకు జరుగుతుంది. గ్రాఫ్ మాత్రం నున్నగా, నమ్మకంగా కనబడుతూనే ఉంటుంది. గడ్డకట్టే సరస్సుల్లో చలికాలం ముందు అన్నీ బయటికి తీయాలి. నాచు కొలిచే సెన్సర్లది ఇంకో తీరు. అవి నేరుగా క్లోరోఫిల్‌ను కొలవవు, అది వెదజల్లే కాంతిని కొలుస్తాయి. నడిమధ్యాహ్నం ఎండ ఎక్కువైనప్పుడు నాచు ఆ కాంతిని తగ్గించుకుంటుంది, కాబట్టి పైనీళ్లలో నాచు తగ్గినట్టు రీడింగ్ వస్తుంది. ఇది తెలియనివాళ్లు మధ్యాహ్నానికల్లా నీళ్లు శుభ్రపడ్డాయని సంతోషిస్తారు.

కొనుగోలు డబ్బు ఏదో ఒక గ్రాంటులో దొరుకుతుంది. నిర్వహణ డబ్బు ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఉమ్మడి ఒప్పందంలో నిర్వహణ బాధ్యత ఏ సంస్థదో, ఏ హోదా ఉద్యోగిదో రాసి ఉంటేనే సెన్సర్ కొనండి.

ఉపగ్రహం

ఐరోపా వారి సెంటినెల్-3 ఉపగ్రహాల్లోని కెమెరా పిక్సెల్ 300 మీటర్లు, దాదాపు ప్రతిరోజూ చిత్రం ఇస్తుంది. సైనోబాక్టీరియాలోని నీలి వర్ణకాన్ని గుర్తించడానికి పనికొచ్చే రంగు పట్టీ దానిలో ఉంది. సెంటినెల్-2 పిక్సెల్ 10 నుంచి 60 మీటర్లు, ఐదు రోజులకోసారి వస్తుంది. ల్యాండ్‌శాట్‌ది 30 మీటర్లు. డేటా అంతా ఉచితం, ల్యాండ్‌శాట్ పాత చిత్రాలతో దశాబ్దాల వెనక్కి వెళ్లొచ్చు. సరస్సు మొత్తాన్ని ఒకేసారి చూపించేది ఇంకేదీ లేదు. నాచు ఏ మూల మొదలై ఎటు కొట్టుకుపోతోందో, గుర్రపుడెక్క ఎంత మేర పరుచుకుందో తెలుసుకోవడానికి ఇదే మొదటి ఎంపిక.

అయితే చూసేది పైపొర మాత్రమే. మబ్బు పడితే ఏమీ లేదు, వానాకాలం పొడుగ్గా ఉండే చోట ఇది చిన్న ఇబ్బంది కాదు. ఒడ్డు పక్క పిక్సెల్‌లో నేల, నీరు కలిసిపోతాయి; మనుషులు స్నానాలు చేసేదీ, పశువులు తాగేదీ సరిగ్గా అక్కడే. ఇక విషం ఉందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం. ఒకే రకం సైనోబాక్టీరియా ఒకసారి విషం చేస్తుంది, ఒకసారి చేయదు. నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపాల్సిందే. ఉపగ్రహపు క్లోరోఫిల్ అంకెను మీ సరస్సులో అదే రోజు పట్టిన నమూనాలతో సరిచూసుకోకుండా ప్రకటించొద్దు, ముఖ్యంగా మట్టి నీళ్లయితే. ఇక్కడే వాలంటీర్లూ ఉపగ్రహమూ కలుస్తాయి. ఉపగ్రహం పైనుంచి వెళ్లే తేదీల జాబితా ముందే ఇచ్చి, ఆ రోజుల్లోనే డిస్క్ దింపమని, ఒక సీసా నీళ్లు పట్టమని చెబితే, అదనపు ఖర్చు దాదాపు లేకుండానే రెండు పద్ధతుల విలువా పెరుగుతుంది.

జాలర్లు, నీళ్లలోని డీఎన్ఏ

కెన్యా, ఉగాండా, టాంజానియాలు పంచుకునే విక్టోరియా సరస్సులో 2000 నుంచి సుమారు రెండేళ్లకోసారి పడవలు, వలలు, జాలర్లు, చేపలు దిగే రేవులు అన్నిటినీ లెక్కపెడుతున్నారు. రేవు స్థాయి సంఘాలు లేకుండా అది జరిగే పని కాదు. చేపల సంపదను అంచనా వేయడానికి ఓడ నుంచి ధ్వనితో చేసే సర్వేలు ఒకవైపు, రేవు దగ్గర రోజువారీ పట్టుబడి ఇంకోవైపు. రెండూ ఒకే మాట చెబితే ధైర్యంగా నిర్ణయం తీసుకోవచ్చు. జాలరి లెక్కల్లో ఒక్క జాగ్రత్త: పట్టుబడి అంకెతోపాటు ఎన్ని గంటలు, ఎంత వల అన్నది లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. చేపలు తగ్గుతున్నా వలలు రెట్టింపైతే పట్టుబడి నిలకడగానే కనబడుతుంది.

నీటి నమూనాలోని డీఎన్ఏతో, బయటి జాతులు చొరబడ్డాయేమో కనిపెట్టవచ్చు. మహా సరస్సుల్లోకి దారితీసే కాలువల్లో, నదుల్లో ఆసియా కార్ప్ చేపల కోసం 2009 నుంచి ఇది వాడుతున్నారు. ఉందా లేదా అన్నదానికి మంచిది. ఎన్ని ఉన్నాయన్నదానికి ఇప్పటికి దీన్ని నమ్ముకోను.

కలిపేముందు ల్యాబుల సంగతి

పద్ధతి ఏది ఎంచుకున్నా, ఉమ్మడి కార్యక్రమాలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. ఒక ల్యాబ్ ఫాస్ఫరస్‌ను ఫాస్ఫరస్‌గా రాస్తుంది, ఇంకోటి ఫాస్ఫేట్‌గా రాస్తుంది. ఒకే నీళ్లకు రెండో అంకె సుమారు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. ఎక్సెల్ షీటులో కాలమ్ పేరు రెండింటికీ ‘పి’ అనే ఉంటే, రాష్ట్ర సరిహద్దు దాటగానే సరస్సు మూడు రెట్లు మురికైపోతుంది! అలాగే లీటరుకు 20 మైక్రోగ్రాముల కంటే తక్కువను పట్టుకోలేని ల్యాబ్, 8 మైక్రోగ్రాములున్న సరస్సుకు పనికిరాదు. అది పంపే రిపోర్టులన్నిటిలో ‘కనబడలేదు’ అనే ఉంటుంది, దాన్ని ఎవరో సున్నాగా టైపు చేస్తారు. మొత్తం ఫాస్ఫరస్, కరిగిన ఫాస్ఫరస్ వేర్వేరు అన్నది కూడా మర్చిపోయేవాళ్లున్నారు.

మందు పెద్ద ఖరీదేం కాదు. ఏడాదికి రెండుసార్లు ఒకే బకెట్ నీళ్లను పంచి అన్ని ల్యాబులకూ పంపండి. ఫలితాలు అందరి ముందూ పెట్టండి. తేడా వచ్చిన ల్యాబ్‌ను నిందించడం కాదు, ఎందుకొచ్చిందో తెలిసేవరకూ ఆ రెండు వరుసలనూ ఒకే గ్రాఫ్ మీద గీయకపోవడం ముఖ్యం. క్లోరోఫిల్ కోసం పట్టిన నీళ్లను చల్లగా చీకట్లో ఉంచి, వీలైతే అదే రోజు వడకట్టాలి. ఈ ఒక్క నియమాన్ని అందరూ ఒకేలా పాటించినా సగం తగాదాలు రావు.

డేటా ఎవరిది, ఎప్పుడు బయటపెడతారు అన్నది కూడా సంతకాలప్పుడే తేలాలి. చెడ్డ వార్త వచ్చినప్పుడు దాన్ని ఆపే అధికారం ఏ ఒక్క భాగస్వామికీ ఉండకూడదు. పర్యాటక సీజన్ మధ్యలో నాచు రిపోర్టు వస్తే ఫోన్లు ఎలా మోగుతాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఎంపిక

డబ్బు చాలా తక్కువుంటే: సరస్సులో అన్నిటికంటే లోతైన చోట ఒకటి, ప్రధాన వాగు కలిసే చోట ఒకటి, మొత్తం రెండు స్థలాలు. రెండు వారాలకోసారి సెక్కి డిస్క్, పైనుంచి కింది దాకా ఉష్ణోగ్రత, ఆక్సిజన్. నెలకోసారి మొత్తం ఫాస్ఫరస్, క్లోరోఫిల్. వీటికి తోడు ఉపగ్రహ చిత్రాలు. ఇంతే. ఇది తక్కువ కాదు. రష్యాలోని బైకాల్ సరస్సులో శాస్త్రవేత్త మిఖాయిల్ కోజోవ్ 1945లో మొదలుపెట్టి, ఆయన తర్వాత కూతురు, ఆ తర్వాత మనవరాలు దాదాపు ఒకే చోట, వారం పది రోజులకోసారి కొలుస్తూ పోయారు. అరవై ఏళ్ల ఆ కొలతలతో 2008లో ప్రచురించిన వ్యాసంలో పైనీళ్లు 1946 తర్వాత 1.21 డిగ్రీలు వేడెక్కాయని తేలింది. ప్రపంచంలోనే లోతైన సరస్సు గురించి ఆ మాట చెప్పింది ఒక్క స్టేషన్.

తాగునీటికి వాడే సరస్సయితే నా మొదటి రూపాయి నీళ్లు తీసుకునే గొట్టం దగ్గరి సెన్సర్‌కూ, విషం పరీక్ష చేయగల ల్యాబ్‌కూ పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ అనే రకానికి జీవితకాలపు వాడకానికి పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము. ఆ హద్దు దాటితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద లేకపోతే సెన్సర్ ఉండీ లాభం లేదు.

ఒకటికి మించిన ప్రభుత్వాలు ఉన్నచోట, ముందు ల్యాబుల పోలిక, ఆ తర్వాతే ఉమ్మడి ఓడ. కారణాల మీద తగాదా నడుస్తున్నచోట, అంటే రైతులదా పట్టణాల మురుగుదా తప్పు అని వాదన ఉన్నచోట, సరస్సు మధ్యలో ఇంకో సెన్సర్ పెట్టడం దండగ; వాగుల దగ్గర వాలంటీర్లనూ ప్రవాహ కొలతలనూ పెంచండి. చేపల మీద బతికేవాళ్లు ఎక్కువుంటే రేవు లెక్కలు, అడుగు ఆక్సిజన్ రెండూ పక్కపక్కన ఉండాలి.

ప్రజలకు ప్రోగ్రెస్ కార్డు ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. 2012లో చిలికా సరస్సుకు అలాంటిది వచ్చింది, మొత్తం మీద ‘బి’ గ్రేడు. అయితే అందులో చదవాల్సింది మొత్తం గ్రేడును కాదు, సరస్సును భాగాలుగా విడగొట్టి ఇచ్చిన గ్రేడులను. మహా సరస్సులకు అమెరికా, కెనడాలు తొమ్మిది సూచికలతో మూడేళ్లకోసారి స్థితి నివేదిక ఇస్తాయి. అందులో సుపీరియర్ ‘బాగుంది’, ఈరీ ‘బాగాలేదు’ అని ఉంటుంది. ఐదింటిలోనూ చేపలు ఎక్కువ పండేది మాత్రం ఆ ‘బాగాలేని’ ఈరీలోనే. ఒకే అక్షరంలో కుదించేటప్పుడు ఇలాంటివి మాయమవుతాయి కాబట్టి, గ్రేడు పక్కన దాని వెనకున్న కొలతలు కూడా అందుబాటులో ఉంచండి.

ఎప్పుడో ఒకప్పుడు పద్ధతి మార్చాల్సి వస్తుంది. ల్యాబ్ మూతపడుతుంది, సెన్సర్ మోడల్ ఆగిపోతుంది, ఉపగ్రహం పని చేయడం మానేస్తుంది. అప్పుడు పాతదీ కొత్తదీ కనీసం అన్ని రుతువులూ తిరిగేదాకా, అంటే ఒక పూర్తి ఏడాది, పక్కపక్కన నడపాలి. ఆ ఏడాది ఖర్చు రెట్టింపవుతుందని అకౌంట్స్ వాళ్లు అడ్డం పడతారు. కొత్త పద్ధతి ధరలోనే ఆ ఏడాదిని కలిపి మొదటి బడ్జెట్‌లో పెట్టించుకుంటే ఆ గొడవ ఉండదు.